రెండో మోటర్

రోజూ పొద్దున ఆరింటికి స్వరూప కాల్వ గట్టు మీద బండి ఆపి, రెండు క్యాన్లు నింపి, వెనక సీటుకు అటొకటి ఇటొకటి కట్టుకుని గుట్ట ఎక్కేది. కరెంటు బండి అది. మిర్యాలగూడలో ఎవరో వాడి వదిలేస్తే కొన్నది. చదును నేల మీద గుర్రంలాగే ఉరికేది గానీ, గుట్ట సగం ఎక్కేసరికి మొరాయించేది. ఇక దిగి తోసుకుంటూ పోవడమే. తను బండి ఎక్కిందో, బండే తన మీద ఎక్కిందో తెలియని బతుకు.

మఠంపల్లి పక్కన ఆ గుట్ట మీదే వాళ్ల తండా. కింద సాగర్ కాల్వ నిండుగా పారుతుంది. తండా వాళ్లకు కనబడుతుంది, వినబడుతుంది, అందదు. నీరు పల్లమెరుగు అన్నారు పెద్దలు. ఆ మాట అన్నవాళ్లెవరూ గుట్ట మీద కాపురం ఉండి ఉండరు.

స్వరూప నీళ్లు మోసేది నలభై బత్తాయి మొక్కలకు. పోయిన వానాకాలం పెట్టింది. శివరాత్రి దాటేసరికి ఒక్కొక్కటే ఆకు ముడుస్తున్నాయి. భర్త బాలాజీ కోదాడలో రైస్ మిల్లు హమాలీ. ఉగాది దాకా గడువు పెట్టాడు.

"మొక్కలు బతికితే మిల్లు ఇడిసిపెట్టి నేనే వస్త. సస్తే మాత్రం సామాను సర్దు, కోదాడకు పోదాం. నీక్కూడ మిల్లుల పని దొరుకుతది," అన్నాడు.

పనికి భయపడే మనిషి కాదు స్వరూప. కానీ ఊక దుమ్ముకు ఆయన దగ్గే దగ్గు ఆమె విన్నది. మొక్కలు బతకాలి, ఆయన ఇల్లు చేరాలి. దేవుడిని ఇంకేమీ అడగలేదు.

కోదాడలో మోటర్ల వైండింగ్ చేసే ఫకీరా ఫోన్‌లోనే ఉపాయం చెప్పాడు. "ముందు చక్రానికి ఇంకో మోటర్ ఏద్దామమ్మా. ఎనకది నెట్టుద్ది, ముందుది లాగుద్ది. నాలుగు క్యాన్లైనా ఎక్కేస్తావు."

మొక్కలను వదిలి పోలేక స్వరూప మామ దీప్లాను పంపింది. "మామా, బండిని ఆటోల ఏస్కొని ఫకీరా తానికి పో. రెండో మోటర్ ఏపిచ్చుకరా."

తిరకాసు అక్కడే వచ్చింది. దీప్లాకు తెలిసిన మోటర్ లోకంలో ఒక్కటే, బోరు మోటర్. ఈ వైపు మోటర్ పోస్తుందంటే నీళ్లు వస్తున్నాయని, మోటర్ కాలిందంటే ఆ ఇంటి సంవత్సరం కాలిందని అర్థం. పదకొండేళ్ల కింద బోరు ఎండిన సంగతి తెలియక, మోటర్ ఆన్ చేసి పెళ్లికి పోయాడు దీప్లా. వచ్చేసరికి మోటర్ కాలింది. తర్వాత తోట ఎండింది. పదో తరగతిలో ఉన్న బాలాజీ పుస్తకాలు మూసి మిల్లుకు పోయాడు. కొడుకు ఒక్క మాట కూడా అనలేదు. అననందుకే తండ్రి కొడుకు ముఖం చూడలేకపోయేవాడు. బాగు చేయించుకుంటానని ఫకీరా షాపు మూలన పెట్టిన ఆ మోటర్ అక్కడే ఉండిపోయింది.

దీప్లా నేరుగా ఆ మూలకు పోయి చూపించాడు. "గిదే గద రెండో మోటర్. బండికి ఏసియ్యి."

"తాతా, ఇది బోరులో దించేది. బండి చక్రానికి ఎట్టా పట్టుద్ది?"

"నా కోడలు చెప్పింది. ఏస్తరంట."

చెప్పి, పైపంచెతో ఆ మోటర్ దుమ్ము తుడుస్తూ కూర్చున్నాడు. కాదనడానికి ఫకీరాకు మనసు ఒప్పలేదు. పాత మోటర్ విప్పి, కాలకుండా మిగిలిన రాగి తీగ తీసి, ముందు చక్రంలో పెట్టే మోటర్‌కు దాన్నే చుట్టాడు.

మర్నాడు పొద్దున స్వరూప నాలుగు క్యాన్లతో గుట్ట ఎక్కింది. బండి ఎక్కడా ఆగలేదు. సగం దారిలో వెనక్కి చూస్తే టైరు జాడంతా తడి. క్యాను కారుతుందేమోనని దిగి చూసింది. మూతలు బిగుసుకునే ఉన్నాయి. కాల్వ నీళ్లే వేలెడు వెడల్పున బండి వెనకాల గుట్ట ఎక్కుతున్నాయి. ఆమె ఆగితే ఆగాయి, కదిలితే కదిలాయి. పాపం, ఆ రాగికి తెలిసిన పని నీళ్లను పైకి లాగడమే కదా! బండిని లాగడం దానికి పై పని.

తండాలో ఎవరూ నోరెళ్లబెట్టలేదు. పక్కింటి నందిని ఆ ధారకు బిందె అడ్డం పెట్టి, "జర మెల్లగ పోనియ్యి వదినా, బిందె నిండుతలేదు," అని విసుక్కుంది. కాల్వ మీద కాపలా ఉండే లష్కరు కూడా వచ్చి చూశాడు. నీళ్లు పైకి పోవద్దని రూలు ఎక్కడా లేదని, రెండు దోసిళ్లు తాగి వెళ్లిపోయాడు. వేలెడు ధార వారానికి జానెడైంది, బండి ఆగినా తను ఆగడం మానేసింది.

ఉగాది ముందు రోజు బాలాజీ సామాను కోసం ట్రాలీ ఆటో మాట్లాడుకుని వచ్చాడు. ఆటోను కింద ఆపి, దగ్గుకుంటూ గుట్ట ఎక్కుతుంటే, నీళ్లు అతని మడమలు తడిపి ముందుకు పోయాయి. వాటి వెంటే తోట దాకా వచ్చాడు. ముప్పై ఏడు మొక్కలు కొత్త చిగురు వేసి ఉన్నాయి.

"గా కాలు తియ్యి, నీళ్లాగుతున్నయ్," అంది స్వరూప. కంచె వైపు చూసింది. "మామను ఒకటి తెమ్మంటే ఇంకోటి తెచ్చిండు. తెచ్చినందుకు రోజూ ఆయనకు మనసుల దండం పెట్టుకుంటున్న."

కంచె దగ్గర నిలబడ్డ దీప్లా తల ఎత్తలేదు.

బాలాజీ ఫోన్ తీసి కింద ఉన్న డ్రైవర్‌కు చేశాడు. "అన్నా, నువ్వు పో. సామాను లేదు. మిల్లు సేటుకు గూడ చెప్పు, నేను రాను."

ప్యాంటు మడిచి పార అందుకున్నాడు. పదిహేనేళ్ల వయసులో పుస్తకాలతో పాటు వదిలేసిన పార అది. నీళ్ల ముందు నిలబడ్డాడు గానీ మొక్కలకు పిల్ల కాల్వ ఎటు తీయాలో తోచలేదు.

"బాపూ, నీళ్లు ఎటు తిప్పాలె?"

పదకొండేళ్లలో దీప్లాను ఆ మాట అడిగినవాళ్లు లేరు. అతను తల ఎత్తి, కొడుకు ముఖంలోకి చూశాడు.

"ముందుగాల ఎండినదానికి, బిడ్డా," అన్నాడు.