విషం కలపని జిగురు

జిగురు ఉడకక ముందే మొదటి సలహా వచ్చేసింది. బైండరు దుకాణం రెండో తలుపు కూడా ఇంకా తియ్యలేదు. పొయ్యి మీది మైదాపిండి ఉండకట్టకుండా కర్రతో తిప్పుతున్నాడు. రెండున్నరేళ్ళ కూతురు బల్ల కింద కూర్చుని నిన్నటి కాగితం ముక్కలు ఏరుకుంటోంది. ఆ పిల్లని అతను పిడుగు అంటాడు. పక్క కొట్లో మిషను కుట్టే ఆవిడ గుమ్మంలోంచి తల దూర్చి, "పిల్ల కాళ్ళకి మేజోళ్ళేవయ్యా? ఆడదిక్కు లేని కొంపంటే ఇంతే," అని, జవాబు కోసం ఆగకుండా వెళ్ళిపోయింది.

"ఊఁ," అన్నాడు, ఎవరూ లేని గుమ్మం వైపు చూసి.

ఏడాదిన్నరగా అతని నోట ఎక్కువగా వచ్చిన మాట అదే. భార్య మూడు రోజుల జ్వరంతో పోయినప్పటినుంచీ నోరున్న ప్రతివాళ్ళూ అతనికి పెంపకం నేర్పేవాళ్ళే. పాలు ఎక్కువ పడుతున్నావన్నారు, తక్కువ పడుతున్నావనీ వాళ్ళే అన్నారు. ఎత్తుకుంటే అలవాటు చేస్తున్నావన్నారు, దింపితే రాతిగుండె అన్నారు. ఒక్కరంటే ఒక్కరు కూడా, ఈ పూట పిల్లని మేం చూస్తాం, నువ్వు కాసేపు నడుం వాల్చు అన్న పాపాన పోలేదు. సలహాకైతే ఒళ్ళు వంచక్కర్లేదు కదా!

అతనికి నలభై రెండేళ్ళు. వంగి కుట్టీ కుట్టీ మెడ ముందుకు సాగింది. సూది నెట్టే బొటనవేలు కాయకాసింది. గోళ్ళ కింద ఎప్పుడూ ఎండిన జిగురే. ఆ జిగురులో ఒకప్పుడు మైలుతుత్తం కలిపేవాడు. అది నీలంగా ఉండే విషం. పుస్తకాలకి పురుగు పట్టకుండా బైండర్లు కలుపుతారు. పిల్ల మొదటిసారి జిగురు వేలు నాకబోయిన రోజున ఆ డబ్బా దుకాణంలోంచి తీసేశాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

అతను పుస్తకం వీపు కుడుతుంటే పిడుగు రంగుకాగితాలు చింపుతుంది. నాలుక బయటపెట్టి, రెండు చేతుల వేళ్ళతో పట్టి, అర్జంటు పనిలా చింపుతుంది. ఆ ముక్కలని అట్టమీద జిగురులో అద్దుతుంది. చేతులు ఖాళీ అయినప్పుడు అతను దారం రంగునీళ్ళలో ముంచి, మడిచిన కాగితం మధ్య పెట్టి ఇస్తాడు. పిల్ల అరచేతులతో నొక్కిపట్టుకుంటే తను దారం లాగుతాడు. విప్పితే రెండువైపులా ఒకటే బొమ్మ. "ఏనుగు!" అంటుంది. ఏం వచ్చినా ఏనుగే. అతను ఒక్కసారి కూడా కాదనలేదు.

పదకొండు గంటలకి ప్లీడరుగారి గుమాస్తా వచ్చి లావుపాటి పుస్తకం ఒకటి బల్లమీద ధబీమని పడేశాడు. "పోయినేడు నువ్వు కట్టిందే. చూడు, పురుగు ఎలా తినేసిందో!"

అట్ట అంచంతా జల్లెడలా ఉంది. "మళ్ళీ కట్టి ఇస్తానండీ."

"కట్టావులే. పిల్లని కాళ్ళకి చుట్టుకుని ఏం పని చేస్తావు? ఈ చెత్త చింపుళ్ళేమిటి, ఓ పలక కొనివ్వు. ఈ వయసుకి మావాడు అంకెలన్నీ చెప్పేవాడు. చేతకాకపోతే మీ అక్కకి ఇచ్చెయ్."

పురుగు మీ పుస్తకం తింటే తిననీండి, నా పిల్ల కడుపులోకి మాత్రం విషం పోదు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. పైకి "ఊఁ" అన్నాడు. గుమాస్తా వెళ్ళాక ఆ కోపమంతా సూదిమీద చూపిస్తే సూది విరిగింది.

మధ్యాహ్నం అక్క వచ్చింది. చెప్పులు విప్పి, చేతిసంచి గోడవారన పెట్టి, పిల్ల తల నిమిరింది. ఆవిడకి పిల్లల్లేరు. చిన్నప్పుడు తమ తల్లి పోయాక అతన్ని పెంచిందీ ఆవిడే. అందుకే ఆవిడ ముందు అతనికి నోరు పెగలదు.

"నాలుగు నెలలేరా తమ్ముడూ. నువ్వు కాస్త నిలదొక్కుకో. తర్వాత నువ్వే వచ్చి తీసుకెళ్ళు."

అతను పురుగు తిన్న పుస్తకం వైపు చూశాడు. ఒళ్ళంతా అలసటగా అనిపించింది. "నాలుగు నెలలేగా," అన్నాడు.

పిల్ల బట్టలు మడిచాడు. పెడదామని అక్క సంచి తెరిచాడు. లోపల కొత్త గౌను ఉంది, ఇప్పటి కొలతది. దాని కింద ఇంకాస్త పెద్దది. దాని కింద మరీ పెద్దది. అన్నిటికీ అడుగున బడికి వేసుకునే గౌను, ఆరేళ్ళ పిల్లకి సరిపోయేది.

"ఇదెవరికక్కా?"

"దానికే. పెరగదూ?"

"నాలుగు నెలల్లోనా?"

అక్క తల తిప్పుకుంది. "నీకు చేతకాదురా. అందరూ అంటున్నదే."

"అందరూ అన్నారు, అందరిదీ విన్నాను!" అతని గొంతు విని పక్క కొట్లో మిషను ఆగిపోయింది. "ఇది ఎక్కడ నోట్లో పెట్టుకుంటుందో అని జిగురులో తుత్తం మానేసి ఏడాది దాటింది. పేరు చెడగొట్టుకున్నాను. ఎవడికైనా తెలుసా? ఎవడైనా అడిగాడా? పిల్లని ఇవ్వను."

"నిన్ను పెంచినదాన్నిరా నేను."

"నిజమే. దీన్ని నేను పెంచుతాను. నీ దగ్గరే ఉండిపోతానని నువ్వడిగినా ఉంచుకునేవాణ్ణి కదక్కా, అబద్ధమెందుకు చెప్పావు?"

ఆవిడ గుమ్మం దగ్గరికి నడిచింది. చెప్పులు వేసుకుంది. ఒక చెప్పు వెంటనే కాలికి ఎక్కలేదు, గోడ పట్టుకుని వేసుకుంది. వీధి చివర మలుపు తిరిగేదాకా అతను గుమ్మంలో నిలబడ్డాడు. పిలుద్దామనుకున్నాడు, పిలవలేదు. ఆవిడ మళ్ళీ ఈ గడప తొక్కదని అతనికి తెలుసు.

లోపలికొచ్చేసరికి పిడుగు అక్క వదిలేసిపోయిన సంచిలోంచి బడి గౌను లాగి తలమీంచి వేసుకుంది. చేతులు ఎక్కడో లోపలే ఉండిపోయాయి. నవ్వుతూ తిరుగుతుంటే గౌను నేలమీద జీరాడుతోంది. అతను మోకాళ్ళమీద కూర్చుని గౌనుని మెల్లగా విప్పి ఒళ్ళో వేసుకున్నాడు. మిషను కుట్టు కాదు, అక్క చేతికుట్టు. అంచుని నాలుగు వేళ్ళ వెడల్పున లోపలికి మడిచి, పిల్ల ఎదిగేకొద్దీ విప్పుకోవడానికి వీలుగా, వదులు వదులుగా కుట్టి ఉంది.