చక్రము క్రింది తడి

శరత్కాల సాయంసమయమున మన్యపుఁ గొండలనుండి తెరలుతెరలుగా దిగిన మంచు పసుపుఁబూల వలిసెచేలను మసకపఱచి గూడెపుఁ గప్పులపైఁ బొగతోఁ గలసి నిలిచియుండఁగా గౌరునాయుఁడను వృద్ధసారథి తన పాతకారు క్రింద వెల్లకిలఁ బడియుండెను. చిరకాలము ఘాటురోడ్డు మలుపులయందుఁ బరుల ప్రాణములను మోసి యలసిన యాతఁడు నేఁడు సొంత కూఁతునే దింపవలసివచ్చెను. నూకరత్నమునకు నెలలు నిండి నొప్పులు మొదలయ్యెను. ఆసుపత్రి కొండక్రింద నుండెను. పిలిచిన అంబులెన్సు వేఱొక గూడెమునకుఁ బోయియుండెను. కారు బ్రేకు పెడలు త్రొక్కినంతనే నేలదాఁకఁ దిగిపోవుచుండెను.

పోసిన బ్రేకుఆయిలు పోసినట్లే మాయమగుచుండఁగా నాతఁడు ముందరి సిలిండరును దుడిచి చూచెను. గొట్టములను వ్రేళ్లతోఁ దడవి చూచెను. ఎచటను జెమ్మ దొరకలేదు. వెనుక కుడిచక్రము క్రింది నేలమాత్రము తడిసియుండెను గాని దానిని లెక్కపెట్టఁడయ్యెను. ప్రతిదినమును బండి కదలకమునుపు భార్య సన్యాసమ్మ యా చక్రమునకే పసుపునీళ్లు పోసి మ్రొక్కుట యా యింటి యాచారము. ఆ తడిని దాఁటి బండి యెక్కుట యాతని కాళ్లకు నలవాటు.

“ఏమే సన్యాసమ్మా! నీవు పోసిన నీళ్లింకను ఆఱలేదేమి? మోచేయి తడిసినది” అని యాతఁడు విసుగుకొనెను.

“నేనెక్కడ పోసితిని? మీ యన్న పోయి నాలుగుదినములైనఁ గాలేదు. మైలలో బండికి మ్రొక్కుదునా?”

గౌరునాయుఁడు వెంటనే యా తడిని వ్రేలితో నంటెను. జిడ్డుగా నుండెను. ఎన్నినాళ్లనుండి యిది కాఱుచున్నదో, ఎందఱను నమ్మించి కొండ దింపితినో యని తలఁచి యాతఁడు భయమునను సిగ్గునను గ్రుంగిపోయెను.

చక్రము విప్పఁగా లోపలి చిన్న సిలిండరు రబ్బరు చినిఁగి యుండెను. పెట్టెలో దాఁచిన క్రొత్త రబ్బరును బ్రేకుషూలను వేసి భార్యను పెడలుకడఁ గూర్చుండఁబెట్టెను.

“త్రొక్కుము. పట్టియుంచుము. ఇంక వదలుము.”

అరుగుపై నూకరత్నము పెదవి కఱచుకొని మూలుగుచుండఁగా గొట్టములోఁ జిక్కిన గాలి బుడగలుగా వెడలి వెడలి తుదకు స్వచ్ఛమైన ఆయిలు ధారగా వచ్చెను. పెడలు గట్టిపడెను. కూఁతు నెక్కించుకొని కొండ దిగుచుఁ దొలిమలుపున నాతఁ డూపిరి బిగఁబట్టి త్రొక్కెను. బండి మాట వినెను. తెల్లవాఱకమున్నే యాసుపత్రిలో మనుమరాలు పుట్టెను.

మైల తీఱిన యుదయమున సన్యాసమ్మ పసుపునీళ్ల చెంబుతో వచ్చెను.

“ఆఁగుము” అని గౌరునాయుఁడు పట్టివేసిన నడుమును బలవంతముగా వంచి చక్రము క్రింది నేలపై నఱచేయి యుంచి చూచెను. మన్ను పొడిగా నుండెను.

“ఇంకఁ బోయుము.”