అబ్బయ్య చూసిన పొర

ఉప్పల్ రింగురోడ్డు నుంచి చెంగిచెర్ల దాకా షేర్ ఆటో నడిపే అబ్బయ్యకు రెండేళ్ల కిందట ఒళ్లంతా బొబ్బలు లేచాయి. ముందు నోట్లో, తర్వాత ఛాతీ మీద, వీపు మీద. వేలు రాసుకుంటే చాలు, తోలు ఊడి వచ్చేది. అంటురోగమనుకుని జనం ఆటో ఎక్కడానికి జంకారు. చర్చిలో చేతులు కలపడం మానేశారు. పెద్ద దవాఖానాలో డాక్టర్లు దాన్ని పెంఫిగస్ అన్నారు. మందులు పనిచేశాయి, పుండ్లు మానాయి. కానీ తన ఒళ్లు తననెందుకు అట్లా విడిచిపెట్టిందో అతనికి అంతుబట్టలేదు.

చెల్లెలి కూతురు దోర్కా నాచారంలో ఒక పరిశోధనశాలలో చర్మకణాల మీద పనిచేస్తోంది. ఒకరోజు ఆమెనే అడిగాడు.

"బిడ్డా, నా తోలు ఎట్ల ఊడిందో జర సమజయ్యేటట్టు జెప్తవా?"

"చెప్పుడెందుకు మామ, సూపిస్త. మా మేడంను అడుగుత."

మేడం ఒప్పుకుంది. ఆ మధ్యాహ్నం అబ్బయ్య చెప్పులు బయట విడిచి, తెల్లకోటు తొడుక్కుని, స్టూలు అంచున బిగుసుకుని కూర్చున్నాడు. దోర్కా అతని ముందు రెండు చిన్న ప్లాస్టిక్ గిన్నెలు పెట్టింది. రెండింటిలోనూ పాల మీద మీగడలా పలచటి పొర, కనబడటానికి నీలం రంగు వేసి ఉంది.

"ఇవి మనిషి తోలు కణాలు మామ. ఒకదాన్నొకటి పట్టుకుని గిట్ల పొర లెక్క పెరిగినయి. ఆ పట్టు ఒక ప్రొటీన్‌ది. ఈ గిన్నెల ఏం ఎయ్యలే. దీంట్ల పొద్దున యాంటీబాడీ ఏసిన. ఇప్పుడు సూడు."

మొదటి గిన్నెను ఊపింది. పొర నీళ్లలో అటూ ఇటూ తేలింది, చిరగలేదు. రెండోదాన్ని కూడా అంతే మెల్లగా ఊపింది. పొర ముక్కలైంది, ముక్కలు నలుసులయ్యాయి. గిన్నెంతా నీలం నలకలు.

అబ్బయ్య చెయ్యి తనకు తెలియకుండానే వీపు మీదికి పోయింది.

దోర్కా మైక్రోస్కోపు సరిచేసి చూడమంది. ఒక్కో కణం ఎవరికీ ఏమీ కానట్టు గుండ్రంగా ముడుచుకుని విడిగా ఉంది.

"గింతేనా బిడ్డా? గింత చిన్న దానికా నేను గట్ల అయిపోయిన?"

"గింతే. రోగాల మీద కొట్లాడే యాంటీబాడీలు నెత్తుర్ల ఎన్నో రకాలుంటయి; నీ రోగంల అవే సొంత తోలు మీద పడ్డయి. ఏది ఏం జేస్తదో తెల్వాలంటే ఒక్క రకాన్నే ఏరు జేసి, అచ్చం గసొంటివే పెంచాలె. మోనోక్లోనల్ అంటరు. ఇది ఆ ఒక్క ప్రొటీన్‌నే పట్టుకుంటది, ఇంకోదాని జోలికి పోదు. అందుకే ఏ పట్టు ఊడితే తోలు ఊడుతదో మాకు ఎర్కయింది."

"ఇది యాడికెల్లి వచ్చింది?"

"నీ అసొంటి పేషెంటే మామ. ఆ మనిషి ఇచ్చిన నెత్తుర్ల నుంచి తీసిన్రు. ఆడమనిషో మగమనిషో నాకు తెల్వదు. ఇప్పుడు ఎన్నో ల్యాబులల్ల పెరుగుతుంది."

అబ్బయ్య మళ్లీ నలకల గిన్నె వైపు చూశాడు. ఎక్కడో ఎవరి ఒంటినో ముక్కలు చేసినదే ఇక్కడ, ఈ గిన్నెలో, తన ఒంటికి ఏమైందో తనకు చెబుతోంది. ఆ మనిషి కూడా పరుపుకు అంటుకున్న తోలును పొద్దున్నే నీళ్లతో తడిపి విడిపించుకుని ఉండాలి.

"పాడుగాని పొరను సూపియ్యి బిడ్డా," అన్నాడు చివరికి.

చూపించింది. ఖాళీ లేకుండా, అంచుకు అంచు ఆనించి, కనుచూపు మేరా కణాలు. ఎవరూ చెప్పకుండానే అవి అట్లా పట్టుకుని ఉన్నాయి. కంట్లో నీరు ఊరి లెన్సు మసకబారినా అబ్బయ్య తల ఎత్తలేదు.

"నా ఈపు గూడ ఇప్పుడు గిట్లనే ఉన్నదా?"

"గిట్లనే మామ."

ఆదివారం చర్చిలో, ప్రార్థన మనవులు ఉన్నవాళ్లు చెప్పమని పాస్టరు అడిగితే అబ్బయ్య లేచి నిలబడ్డాడు.

"ఒక మనిషి కోసం ప్రార్థన జెయ్యాలె అయ్యగారు."

"పేరు?"

"పేరు తెల్వదు. ఏ దేశమో తెల్వదు, ఉన్నరో లేరో గూడ తెల్వదు," అన్నాడు అబ్బయ్య. "నాకొచ్చిన రోగమే వాళ్లకూ వచ్చింది."

పాస్టరు ఒక్క క్షణం అతని వైపు చూసి, కళ్లు మూసుకున్నాడు.