బర్రె పారిపోయిన డెమో క్లాసు

ఇంగ్లీషులో నిన్న జరిగినదాన్ని చెప్పడం ఎంత తేలికో ఇద్దరు స్కూలు కరస్పాండెంట్లకి విడమరిచి చెప్పాను. ఇద్దరూ శ్రద్ధగా విని నన్ను వద్దన్నారు.

అది 2006. నా బి.ఇడి. పూర్తయి ఏడాది దాటింది. రేపల్లె నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో తెనాలి వెళ్ళి, ఒక డీటీపీ సెంటర్లో ఊళ్ళో టీచర్లందరి ప్రశ్నపత్రాలూ టైపు చేసేదాన్ని. వాళ్ళ తప్పులు దిద్దుతూ కడుపు మండించుకునేదాన్ని. ఆ ఉక్రోషంతోనే, డెమో క్లాసుకి పాఠం మీ ఇష్టం అన్న ప్రతిచోటా అందరూ జంకే పాఠాన్నే పట్టుకునేదాన్ని. ఫ్రేజల్ వెర్బులు, అందులోనూ పాస్ట్ టెన్సులో. రెండు మాటలు జంటగా వచ్చే క్రియలవి. గెట్ అప్ అంటే లేవడం, గివ్ అప్ అంటే ఇంక నా వల్ల కాదని వదిలెయ్యడం. జరిగిపోయిన సంగతైతే మొదటి మాట ఒక్కటే మారుతుంది, గాట్ అప్, గేవ్ అప్ అని. రెండోది కదలదు. అంతే కదా పాఠం. నలభై జంటలు రెండు రంగుల సుద్దముక్కలతో బోర్డు నిండా రాసి వరసగా చదివించేదాన్ని. పదో జంటకల్లా పిల్లలు ఆవలించేవాళ్ళు. ఈ కాలం పిల్లలకి శ్రద్ధ లేదని తీర్మానించుకునేదాన్ని.

రెండోచోట కూడా వద్దన్నాక మా నాన్న తేల్చి చెప్పేశారు. ఆయన పేరు ఇమాముద్దీన్, రేకు పెట్టెలు చేస్తారు. సుత్తి దెబ్బైనా మాటైనా ఒక్కటే.

"బాపట్లది మూడోది. అదీ కాకపోతే ఇంక డెమోలు చాలు ఆసియా. గుంటూరెళ్ళి మీ పిన్ని ఫర్జానా దగ్గర కుట్టు సెంటర్లో కూర్చో."

నాకు సూదిలో దారం ఎక్కించడం కూడా చేతకాదు. టీచరు కావాలని తప్ప చిన్నప్పటి నుంచీ ఇంకో కోరిక లేదు. మర్నాడు సాయంత్రం తెనాలిలో ఏడుపు మొహంతోనే రైలెక్కాను.

మా రైలుకో పద్ధతుంది. అడవులదీవి వైపు నుంచి వచ్చి తెనాలిలో చేపలమ్ముకునే ఆడవాళ్ళు సాయంత్రం ఖాళీ గంపలతో అందరూ ఒకే పెట్టెలో ఎక్కుతారు. వేమూరు దాటేలోపు ఒకరి తర్వాత ఒకరు ఆ రోజు ఏం జరిగిందో చెప్పాలి. మిగతావాళ్ళు ఊఁ కొట్టాలి. ఊఁ ఆగిందంటే చెప్పేవాళ్ళు అలిగి ఆపేస్తారు. నేనూ ఆ పెట్టెలోనే, పుస్తకంలో తల దూర్చి కూర్చునేదాన్ని.

ఆ గుంపుకి పెద్ద వెంకటసుబ్బులు పిన్ని. ఆ రోజు వచ్చి నా పుస్తకం మూసేసింది.

"ఇయ్యాల నీ వంతు. ఏంటా మొహం? చెప్పు."

"నాకేం జరగలేదు పిన్నీ."

"జరక్కపోతే కళ్ళు అట్టా ఎందుకున్నాయి?"

కోపంగానే మొదలుపెట్టి మొత్తం కక్కేశాను. రెండు డెమోలు, నలభై జంటలు, ఆవలింతలు, కుట్టు సెంటరు. ఎనిమిది మందీ ఊఁ కొట్టారు. కరస్పాండెంట్ల దగ్గరికి వచ్చేసరికి ఆ ఊఁ పళ్ళు కొరికినట్టు వినిపించింది. నాకు కాస్త ఊరటగా కూడా అనిపించింది.

"మరి ఆ పిల్లలు ఊఁ కొట్టారా?" అని అడిగింది పిన్ని.

"పాఠానికి ఎవరు కొడతారు?"

"పోనీ వాళ్ళు చెప్తే నువ్వు కొట్టావా?"

నేను పుస్తకం మళ్ళీ తెరిచాను.

"ఏడాది నించి చూస్తన్నా. మా ఆడబిడ్డ మొగుడు ఆసుపత్రిలో పడ్డ సంగతి ఇక్కడే, నీ ఎదురుగానే చెప్పా. తలెత్తలేదు నువ్వు. నీకు చెప్పడమేగాని వినడం లేదమ్మాయ్."

ఒళ్ళు మండిపోయింది. చేపలమ్ముకునే మనిషి నాకు పాఠం చెప్పే పద్ధతి నేర్పడమా అనుకున్నాను. భట్టిప్రోలు దాకా మొహం తిప్పుకునే కూర్చున్నాను. రేపల్లెలో దిగేసరికి ఆవిడ అన్నది నిజమేనని తోచింది. దాంతో ఇంకా మండింది.

బాపట్ల డెమో ఏప్రిల్లో, తొమ్మిదో తరగతికి. కరస్పాండెంటు శ్రీమన్నారాయణ గారు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాతో, చేతిలో మార్కుల కాగితంతో చివరి బెంచీలో కూర్చున్నారు. క్లాసులో తెలుగు మాట్లాడినవారు పీరియడు అయ్యేవరకు నిలబడవలెను అని గోడ మీద ఎర్రక్షరాలతో రాసి ఉంది.

అలవాటు చొప్పున సుద్దముక్క తీసి మొదటి జంట రాశాను. వెనక్కి తిరిగేసరికి మూడో బెంచీలో ఒకడు అప్పుడే నోరు తెరుస్తున్నాడు. ఇది కూడా పోయిందనుకున్నాను. సుద్దముక్క బల్ల మీద పెట్టేసి, నిన్న మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పమని ఇంగ్లీషులో అడిగాను.

ప్రమీలారాణి అనే పొడుగాటి పిల్ల లేచింది. ఆమె ఇంగ్లీషంతా ఇక్కడ రాయను, తమాషా అంతా క్రియల్లోనే ఉంది. నిన్న సాయంత్రం కరెంటు "గో ఆఫ్డ్" అంది.

తప్పు అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "ఊఁ?" అన్నాను, కాస్త సాగదీసి.

పిల్ల ఆలోచించింది. "వెంట్ ఆఫ్" అంది.

"ఊఁ."

ఆ చీకట్లో వాళ్ళ బర్రె "రన్ అవేడ్" అంది. నేను మళ్ళీ "ఊఁ?" అని సాగదీశాను. ఈసారి నాలుగు బెంచీలు కలిసి "రాన్ అవే" అని అందించాయి. అక్కణ్ణించి ఆ పిల్లకి జోరొచ్చింది. నాయనమ్మ దాని వెంట పడింది, రాన్ ఆఫ్టర్ ఇట్. బురదలో పడింది, ఫెల్ డౌన్. లేచింది, గాట్ అప్. మళ్ళీ పడింది. పడినప్పుడల్లా క్లాసంతా ఊఁ కొట్టింది. ఊఁ తెలుగూ కాదు, ఇంగ్లీషూ కాదు కాబట్టి ఎవరూ నిలబడక్కర్లేదు. ఇందాక ఆవలించినవాడు బెంచీ మీద మోకాళ్ళేసి వింటున్నాడు.

చివరికి నాయనమ్మ గేవ్ అప్ అని, ఎక్కడ ఆపాలో బాగా తెలిసినదానిలా ఆ పిల్ల ఆగింది.

"ఇంతకీ బర్రె దొరికిందా?"

ఆ మాట చివరి బెంచీ నుంచి వచ్చింది. అచ్చ తెలుగులో. అడిగినది శ్రీమన్నారాయణ గారు.

ముందు బెంచీ నుంచి ఒక సన్నని గొంతు ఎంతో మర్యాదగా అంది, "సార్, నిలబడాలండి."

ఆయన గోడ వంక చూశారు, నా వంక చూశారు. మార్కుల కాగితం పక్కన పెట్టి, లేచి నిలబడ్డారు.

"ఇట్ కేమ్ బ్యాక్ సార్," అంది ప్రమీలారాణి. నాయనమ్మ ఇల్లు చేరేసరికి బర్రె తనంతట తనే వచ్చి గడ్డి తింటోందట.

నలభై మందీ నవ్వారు. ఆయన కూడా నిలబడే నవ్వారు. గంట కొట్టేదాకా కూర్చోలేదు. ఇంకో నలుగురు పిల్లలు వాళ్ళ నిన్నలు చెప్పారు. నేను ఊఁ కొట్టడం తప్ప చేసిందేమీ లేదు. బోర్డు మీద ఆ ఒక్క జంటే ఉంది.

"జూన్ పన్నెండు నించి వచ్చెయ్యండమ్మా. తొమ్మిది, పది మీవే," అన్నారాయన ఆఫీసు గదిలో ఆర్డరు కాగితం మీద సంతకం చేస్తూ.

బాపట్ల నుంచి తెనాలి వచ్చి సాయంత్రం మా రైలు పట్టుకున్నాను. నేను నోరు తెరవకముందే అందరూ నా చుట్టూ చేరారు. ముందు మీరు చెప్పండి అన్నాను. ఎనిమిది మంది చెప్పిందీ విన్నాను, ప్రతిదానికీ ఊఁ కొట్టాను. సుబ్బులు పిన్నిని వాళ్ళ ఆడబిడ్డ భర్తకి ఎలా ఉందని అడిగాను.

"ఇంటికొచ్చి ఆర్నెల్లయింది. ఇప్పుడడిగావా? సరే, నీది చెప్పు."

"దే టుక్ మీ ఆన్."

"తెలుగులో ఏడు."

"నన్ను తీసుకున్నారు పిన్నీ."

"తీసుకున్నారా, తీసుకుంటామన్నారా? సరిగ్గా చెప్పు."

"తీసుకున్నారు. అయిపోయింది." ఇంగ్లీషులో ఒక్కసారి చెప్పిన మాట తెలుగులో రెండుసార్లు చెప్పాక గాని నాకే నమ్మకం కుదరలేదు.

పిన్ని రెండు చేతులూ నా తల చుట్టూ తిప్పి మెటికలు విరిచింది. గంపలన్నీ దడదడా మోగాయి. అందరూ ఒకేసారి మాట్లాడుతుంటే ఊఁ కొట్టడానికి ఎవరూ మిగల్లేదు. ఆ గోలలో ఆవిడే ముందు గుర్తుచేసుకుంది.

"అయితే రేపల్లె నించి బాపట్లకి నేరుగా బస్సులో పోతావన్నమాట. ఇంక ఈ రైలెక్కవు."

ఆ సంగతి నాకు అప్పటిదాకా తట్టనేలేదు.

"ఇయ్యాలేగదే ఊఁ కొట్టడం వచ్చింది నీకు," అంది పిన్ని. "అప్పుడే పోతన్నావా?"