బూడిద గ్రహంలో డూపు

రెండువందల ఏళ్ల తర్వాత లోకం ఎలా ఉంటుందో చూపించడానికి డైరెక్టర్ పృథ్వి రాయచూరు దగ్గర యరమరస్ అవతల కరెంటు ఫ్యాక్టరీ ఎప్పుడో వదిలేసిన బూడిద చెరువును ఎంచుకున్నాడు. సినిమాలో ధనికులు ఆకాశంలో ఉంటారు. కూలీలు బూడిద గ్రహం మీద చస్తూ బతుకుతూ చివరికి తిరగబడతారు. ఇది శ్రమజీవి కన్నీటి గాథ అని అతను టీవీవాళ్లకు చెప్పాడు. చెప్పినంతసేపూ ఒక శ్రమజీవి ఎండలో నిలబడి అతనికి గొడుగు పట్టింది.

కూలీ వేషాలకు ఆ చుట్టుపక్కల బూడిద ఇటుకలు చేసే ఆడవాళ్లనే తెచ్చారు. మేకప్ మనిషి వాళ్ల ఒంటి మీది బూడిద శుభ్రంగా కడిగించి, డబ్బాలోంచి వేరే బూడిద తీసి పూశాడు. అసలు బూడిద కెమెరాలో పేదగా కనబడదట.

"మన గరీబుతనం గూడ ఈళ్లకు పసందు కాలే," అంది తాయమ్మ.

పక్కనున్న సుమంగళ నవ్వలేదు. ఆమె చూపంతా మొగుడు అమరేశ్ మీదే ఉంది. అతను హీరోకు డూపు. హీరో కారవాన్‌లో ఏసీ కింద పడుకుంటే, ముప్పై కిలోల ఇనుప కవచం అమరేశ్ ఒంటికి బిగించారు. బాంబులు పేలుతుంటే అతను చెరువు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పరుగెత్తాలి.

ఆ చెరువు పైకి ఎండిన నేలలా ఉంటుంది. పెచ్చు కింద మనిషిని మింగేంత బురద. ఇటుకలవాళ్లు బూడిద ఎత్తడానికి దిగితే సర్కారు తుమ్మ మొలిచిన చోటే అడుగు వేస్తారు. తుమ్మ వేరు పట్టిందంటే కింద గట్టిపడినట్టే.

"తుమ్మల ఎంబడే ఉరుకు," అంది సుమంగళ.

"నాకెరుక లేదా ఏంది?" అన్నాడు అమరేశ్.

"యాక్షన్!"

మొదటి బాంబు పేలింది. అమరేశ్ చెరువు నడుమ కనిపించిన తుమ్మల వైపు ఉరికాడు. అప్పుడు చూసింది సుమంగళ. ఆ తుమ్మలు కొలిచి నాటినట్టు బారుగా ఉన్నాయి. ఆకులన్నీ వాడి వేలాడుతున్నాయి. తుమ్మ ఏ ఎండకూ వాడదు.

"ఆ చెట్లు ఎవరు పెట్టిండ్రు?" అని పక్కనున్న అసిస్టెంట్ స్ఫూర్తిని గుంజి అడిగింది.

"మా సెట్టువాళ్లే ఆంటీ. గట్టు మీదవి నరికి, చెక్క పలకలు పరుచుకుంటూ వెళ్లి గుచ్చి వచ్చారు. ఫ్రేమ్ నిండుగా ఉండాలి కదా!"

తమ కాళ్ల కింద పలకలు వేసుకోవాలని వాళ్లకు తెలిసింది. పరుగెత్తేవాడికి చెప్పాలని మాత్రం తోచలేదు.

"ఓయ్! ఎన్కకు రా!" సుమంగళ అరుపు రెండో బాంబులో కలిసిపోయింది. అమరేశ్ మోకాళ్లదాకా, ఆ మరుక్షణం నడుందాకా దిగబడ్డాడు. కవచం బరువు అతన్ని కిందికి లాగుతోంది.

"అద్భుతం! ఎవరూ ఫ్రేమ్‌లోకి రావొద్దు!" మైకులో పృథ్వి కేక.

గట్టు మీద పలకలు అలాగే పడి ఉన్నాయి. వాటి పక్కనే తుమ్మ నరికిన కొడవలి. ఆడవాళ్లు పలకలు అందిస్తుంటే సుమంగళ ఒకదాని ముందు ఒకటి తోస్తూ, బోర్లా పాకుతూ వెళ్లింది. చేరేసరికి బురద అమరేశ్ గడ్డం దగ్గర ఉంది. ఆమె చేయి బురదలోకి దూర్చి భుజం పట్టీకి కొడవలి ఆనించింది.

"పట్టీలు కొయ్యకు! ఆ కవచం ఒక్కటే ఉంది!" అన్నాడు పృథ్వి.

"నాకు మొగుడు గూడ ఒక్కడే ఉన్నడు, సారూ!"

పట్టీలు తెగాయి. కవచం గుటుక్కున మునిగింది. ఆడవాళ్లు అమరేశ్‌ను గట్టుకు లాగారు. ముక్కులో, నోట్లో బూడిదే. ఊపిరి బరబరమంటోంది. స్ఫూర్తి ఏడుస్తూ అంబులెన్స్‌ను పిలిచింది. ఎర్ర దీపం తిప్పుకుంటూ అది వచ్చింది. తలుపు తీస్తే లోపల లైట్లు, వైర్లు. అది కూడా సెట్టు సామానే.

సుమంగళ ఇటుకల ట్రాక్టర్‌ను పిలిచింది. ట్రాలీలో మొగుణ్ణి ఒడిలో పడుకోబెట్టుకుంది. పృథ్వి అడ్డం వచ్చాడు.

"రోడ్డుకు దారి సెట్టులోంచే. ట్రాక్టర్ ఇటు రాకూడదు. అడ్డంగా ధనికుల ఆకాశనగరం గేటు ఉంది, అది ఇంకా షూట్ చెయ్యలేదు."

"అక్కా, ఏం జెయ్యాలె?" అన్నాడు డ్రైవర్ సూగప్ప.

"రాయచూరు దవాఖానకు పోనియ్యి. జల్ది."

పృథ్వి పక్కకు దూకాడు. నలభై అడుగుల గేటు ట్రాక్టర్ ముందు చిన్న చప్పుడు కూడా చేయకుండా విరిగింది. అంతా థర్మోకోలే. తెల్లటి ముక్కలు ట్రాలీ మీద రాలుతుంటే సుమంగళ మొగుడి ముక్కుకు కొంగు అడ్డం పెట్టింది. అమరేశ్ దగ్గాడు. మళ్లీ గట్టిగా దగ్గి ఊపిరి పీల్చుకున్నాడు.