బురుజు మీద నెపం

ప్రయాణం నాటి ఉదయం నెరీనా వంటింట్లో పీట వేసుకుని కూర్చుని అత్తగారి కాలి గోళ్ళు తీస్తోంది. గోరువెచ్చని నీళ్ళలో అంతసేపు నానబెట్టినా ఎల్వీరా బొటనవేలి గోరు కొమ్ములా గట్టిగానే ఉంది. వేసవి మొదట్లో తుంటి ఎముక విరిగినప్పటి నుంచి ఆవిడ ఇనుప చట్రం పట్టుకుంటే తప్ప అడుగు తీసి అడుగు వేయలేకపోతోంది. కాళ్ళను కోడలి చేతుల్లో వదిలేసి, చూపును కిటికీ అవతలి కాలువ మీద నిలిపి, ఆవిడ చెప్పదలచుకున్న మాట మరోసారి చెప్పింది.

"పిల్లని వెంటబెట్టుకుని రా. ఆరు నెలలే కదా! నేనేమైనా నూరేళ్ళు అడిగానా?"

"చూద్దాం అత్తయ్యా."

"చూడ్డానికేముంది? నీ నడుము ఇక పనికిరాదని డాక్టరే చెప్పాడు. పరాయి ఆడది వచ్చి నా ఒళ్ళు కడుగుతానంటే నేనొప్పుకోను. కన్నకొడుకు కడగడమంటావా, అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. మరి మిగిలిందెవరు?"

పద్ధతి సరైనదే. కుదరనివాటిని ఒక్కొక్కటే కొట్టివేసుకుంటూ పోతే చివరకు మిగిలేదే జవాబు. అయితే కొడుకు పేరును ఎవరూ పరీక్షించకుండానే కొట్టివేశారు. ఆ లోపం నెరీనాకు ఆ ఉదయం తట్టలేదు. గోళ్ళు ఏరి, తడికాళ్ళు తుడిచి, రెండు పూటల భోజనం మూతలు పెట్టి, పక్కింటి విధవరాలికి ఏ మాత్ర ఎప్పుడు వేయాలో చెప్పి, కారెక్కింది.

దారి పొడవునా అల్వారో ఒకే సంగతి చెబుతూ వచ్చాడు. "నువ్వే అడుగు. నేనడిగితే ఇలారియా ఎదురు తిరుగుతుంది. తల్లివి, నువ్వు చెబితే కాదనదు." నెరీనా తలూపింది. అతను కొమాక్యో ఊళ్ళో మందుల దుకాణం నడుపుతున్నాడు. పట్టా తీసుకున్నవాళ్ళందరినీ అక్కడ డాక్టర్ అనే పిలుస్తారు కనుక ఊరంతా అతన్ని డాక్టర్ గారంటుంది. ఏ మందు పక్కన ఏ మందు పడకూడదో ఆమె చదివి, గ్రహించి, తెర వెనక అతని చెవిలో చెబితే, అతను బయటికి వచ్చి దాన్ని గంభీరంగా ప్రకటిస్తాడు. అతను లేని వేళ వచ్చినవాళ్ళు ఆమెను చూసి, "డాక్టర్ గారు లేరామ్మా? అయితే మళ్ళీ వస్తాంలే," అని వెనక్కి తిరుగుతారు. ఆమె ఎవరన్న ప్రశ్నకు ఊరి దగ్గర ఉన్న సమాధానం డాక్టర్ గారి భార్య అన్నదే.

కూతురు చదువుతున్న బొలోన్యాలో ఆమె అడుగుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. అల్వారో మాత్రం మందుల వ్యాపారుల సభకని ఏటా వస్తూనే ఉన్నాడు. మొదట్లో ఒకసారి నేనూ వస్తానంటే, "నీకక్కడేం పని?" అన్నాడు. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు. ఏం పనో చెప్పలేక ఆమె మానుకుంది. ఇప్పుడు, తాను చదువుకుంటూ నాలుగేళ్ళు బతికిన ఊళ్ళోకి, చుట్టపుచూపుగా, చేతిసంచీ పట్టుకుని నడుస్తోంది. కారు ఆపిన స్టేషన్ దగ్గర ఎదురుచూస్తున్న ఇలారియా వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. అల్వారో ముందు నడిచాడు.

ఆ ఊళ్ళో వీధులన్నిటికీ కమానుల వసారాలే. వాన కురిసినా ఎండ కాసినా మనిషి తల మీద కప్పు తప్పదు. ఆ కప్పుల కింద కొంత దూరం నడిచాక, తన వెనక ఎవరో నడుస్తున్నట్టు నెరీనాకు అనిపించింది. తన అడుగు పడిన అర క్షణానికి మరో అడుగు. వెనక్కి తిరిగితే ఎవరూ లేరు. వంపు తిరిగిన పైకప్పు శబ్దాన్ని తిప్పి పంపుతుందని ఆమెకు తెలుసు. ఆ సంగతి ఎవరో చెప్పగా నమ్మినది కాదు. ఇదే ఊళ్ళో పాఠంగా చదువుకుని, లెక్క వేసి రుజువు చేసుకున్నది. తెలిసినంత మాత్రాన వినబడటం మానదు. పైగా ఆ వెనకటి అడుగు తన అడుగుకంటే తేలికగా, తొందరగా పడుతోంది. నడుము నొప్పి ఎరగని అడుగు అది. రొట్టెల దుకాణం అద్దంలో ఒక క్షణం ఒక పిల్ల కనిపించింది. భుజాన బరువైన సంచీ, అందులో రాళ్ళు పగలగొట్టే సుత్తి, కురచ జుట్టు, ఎక్కడికో ఆలస్యమవుతున్న ముఖం. అద్దానికి అవతల రొట్టెలు సర్దుతున్న అమ్మాయి అయి ఉంటుందని నెరీనా తనకు తాను నచ్చజెప్పుకుంది. బహుశా అంతే కావచ్చు. కాని మనిషి చచ్చిపోతేనే దయ్యమవుతుందన్న నమ్మకంలో ఆధారాలు తక్కువ. బతికి ఉండగానే ఒక ఊళ్ళో వదిలేసి వెళ్ళిన మనిషి, తీసుకెళ్ళడానికి ఎవరూ రాకపోతే ఏమవుతుంది? ఆ పిల్ల ఈ వసారాల కింద ముప్పై ఏళ్ళుగా అలాగే తిరుగుతోందా? ఏ పూట ఎక్కడ తింది? చలికాలం ఎక్కడ తలదాచుకుంది? తన భుజం మీద, సంచీ పట్టీ ఒరుసుకునే చోట, నెరీనా తెలియకుండానే చెయ్యి వేసుకుని రుద్దుకుంది.

"భుజం నొప్పా అమ్మా?" అంది ఇలారియా.

"లేదు. అలవాటు."

మధ్యాహ్నం ఒక పూటకూళ్ళ ఇంట్లో కూర్చున్నారు. వేడి చారులో తేలుతున్న తోర్తెల్లీనీలు, మాంసం కూరి మడిచిన చిన్న పిండి పొట్లాలు, వచ్చాయి. అల్వారో ఒకటి నోట్లో వేసుకుని పెదవి విరిచాడు. "మా అమ్మ చేతివి వేరు," అన్నాడు. ఆ అమ్మ చెయ్యి పిండి ముట్టి పదిహేనేళ్ళయింది. పండుగ పండుగకూ అతను మెచ్చుకుంటూ తిన్నవి నెరీనా వేళ్ళు మడిచినవి. ఆమె చెంచా కిందపెట్టి నీళ్ళు తాగింది.

ఇలారియా అప్పటికే విషయం ఊహించింది. "ఫోన్లో నాయనమ్మ మూడుసార్లు ఏడ్చింది. మీరెందుకొచ్చారో నాకు తెలుసులే. చెప్పేయండి."

అల్వారో భార్య వైపు చూశాడు. ఆమె మాట్లాడకపోయేసరికి తానే అందుకున్నాడు. "ఆరు నెలలు తల్లీ. వసంతం దాకా. నాయనమ్మ కాస్త కోలుకోగానే వచ్చి మిగిలింది రాసుకుందువు గాని."

"నా తొట్లలోని మలుగుచేపలకి కూడా ఆరు నెలలు సెలవు పెట్టమని నువ్వే చెప్పు నాన్నా. మన కొమాక్యో చేపలే, నీ మాట వింటాయి."

"హాస్యాలొద్దు."

"హాస్యం కాదు. అవి సముద్రంలోకి వెళ్ళేది ఈ చలికాలంలోనే. ఈ కాలం తప్పితే వచ్చే ఏడు దాకా నాకు చూడ్డానికి ఏమీ ఉండదు. తొట్లు ఇంకొకళ్ళకి ఇచ్చేస్తారు. వాటితోపాటు నా పనీ ఇచ్చేస్తారు."

అల్వారో నవ్వాడు. రొట్టెముక్కతో పళ్ళెం అడుగు తుడుస్తూ, "తొమ్మిది వందల ఏళ్ళుగా ఉన్న విశ్వవిద్యాలయం నీకోసం ఆరు నెలలు ఆగలేదా?" అన్నాడు.

నెరీనా చెంచా మళ్ళీ ఎత్తబోయి ఆగింది. ఈ వాక్యం ఆమె ఇంతకు ముందు విన్నది. ఇదే గొంతులో, ఇదే నవ్వుతో, అక్షరం పొల్లుపోకుండా. అప్పుడు అతనికి ఇరవై అయిదేళ్ళు. అతని తండ్రికి పక్షవాతం వచ్చింది. మంచం పట్టిన మనిషిని ఎల్వీరా ఒక్కతే ఎత్తలేకపోతోంది. పెళ్ళి ఎలాగూ ఖాయమైంది కనుక కాస్త ముందుకు జరుపుకుందామన్నారు. నెరీనాకు పరీక్షలన్నీ అయిపోయి సిద్ధాంత వ్యాసం ఒక్కటే మిగిలింది. ఆరు నెలలు తొమ్మిదేళ్ళయ్యాయి. మామగారు పోయే నాటికి ఇలారియా పాలు తాగే పిల్ల. ఆ తరవాత వ్యాసం సంగతి ఎవరూ ఎత్తలేదు. అతను ఈ వాక్యాన్ని ఇన్నేళ్ళూ దాచుకున్నాడా, లేక దాన్ని అప్పుడన్నట్టు అతనికి గుర్తే లేదా? గుర్తు లేదన్నదే నిజమై ఉంటుంది. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది. ఆకలి వేసినట్టు ఆ మాట తనంతట తానే అతని నోట్లోకి వచ్చింది. ఆ ఇంట్లో కావలసివచ్చిన ప్రతిసారీ అది అలాగే వస్తుంది.

ఇలారియా తల్లి వైపు తిరిగింది. ఆ ముఖంలో అప్పటిదాకా ఉన్న కొంటెతనం పోయింది. "అమ్మా, నువ్వేమంటావు? నాన్న అడిగితే కాదంటాను. నీ నడుము సంగతి నాకు తెలుసు. నువ్వు రమ్మను, రేపే వచ్చేస్తాను."

బల్ల కింద అల్వారో మోకాలు ఆమె మోకాలిని మెల్లగా తట్టింది.

"కాసేపు నడుద్దాం," అంది నెరీనా.

పెద్ద కూడలి దాటి, జనం మధ్యలోంచి, ఎటు వెళుతున్నామన్న ఆలోచన లేకుండానే నడిచారు. ఆ ఊళ్ళో అలా నడిచేవాళ్ళు చివరకు తేలేది రెండు బురుజుల దగ్గరే. ఒకటి పొట్టిది, మీద పడుతుందేమో అన్నంతగా ఒరిగింది. రెండోది ఆకాశంలోకి లేచిన సన్నని ఇటుకల కట్టడం. దాని గుమ్మం ముందు పైకెక్కడానికి వచ్చినవాళ్ళు బారులు తీరి ఉన్నారు. ఇలారియా టక్కున ఆగి, తల్లి చెయ్యి వదిలి, రోడ్డుకు ఆ పక్కకు దాటింది.

"అటెందుకు?" అన్నాడు అల్వారో.

"పట్టా చేతికొచ్చేదాకా ఆ గుమ్మం నీడ కూడా తొక్కను బాబూ. ఎక్కినవాళ్ళెవరికీ చదువు పూర్తి కాదు. మా తరగతిలో ఒక్కరు కూడా ఎక్కలేదు, తెలుసా?"

"చేపల శాస్త్రం చదివేదానివి!"

"శాస్త్రం శాస్త్రమే. భయం భయమే."

అల్వారో పగలబడి నవ్వాడు. "మంచి పనే చేశావులే. మీ అమ్మని చూడు. వద్దు మొర్రో అంటున్నా వినకుండా ఎక్కింది. ఏమైంది? చదువు గోవిందా!" వేడుకలలో, విందులలో, దుకాణంలో తెలిసినవాళ్ళ ఎదుట, ఇన్నేళ్ళుగా అతను చెబుతున్న కథ అది. వినేవాళ్ళు నవ్వుతారు. నెరీనా కూడా నవ్వుతుంది. ఎవరైనా ఆమెను, నువ్వు చదువు ఎందుకు ఆపావని అడిగితే, బురుజెక్కాను కదా, అని తానే చెప్పే దాకా వచ్చింది. ఆ జవాబులో ఎవరి మీదా తప్పు లేదు. ఇటుకల మీద నెపం వేస్తే ఇటుకలు ఎదురు చెప్పవు.

ఆమె పొట్టి బురుజు దగ్గరికి వెళ్ళి పునాది రాయి మీద అరచెయ్యి ఆనించింది. మెరిసే జిప్సం పలకలు. ఆమె వ్యాసం రాయవలసింది దీని గురించే. ఈ రాయి లోపల నీరుంటుంది. కంటికి కనబడదు, చేతికి తడి తగలదు. కాని పక్కన పొయ్యి పెట్టి ఏళ్ళ తరబడి మండిస్తే, రాయి లోపలి నీటిని పోగొట్టుకుని, పైకి రాయిలాగే కనిపిస్తూ, గోటితో గీస్తే రాలిపోయే సుద్దలా అయిపోతుంది. దక్షిణాన కనిపించే గుట్టలన్నీ ఈ రాయివే. వాటి వరుస ఎలా వంగిందో ఒక్కచోటి నుంచి చూడాలని ఆ రోజు ఆమె పెద్ద బురుజు ఎక్కింది. అయితే ఎక్కుదామన్నది తను కాదు. ఈ పిచ్చి నమ్మకాలు పల్లెటూరి వాళ్ళకి, పద, అని చెయ్యి పట్టి లాగింది...

నెరీనా రాతి మీద నుంచి చెయ్యి తీసింది. ఇరుకైన చెక్క మెట్లు, సగం చీకటి. ఎక్కినంతసేపూ ఆమె కళ్ళ ముందు ఉన్నవి రెండు బూటు అడుగులు. ఎడమ దానికి మడమ దగ్గర రబ్బరు ముక్క అతికించి ఉంది. ఆ ముక్క ఊడి తన ముఖం మీద పడుతుందేమోనని భయపడుతూ ఆమె ఎక్కింది. ఇన్నేళ్ళుగా ఆ బూట్లు ఆమెకు గుర్తున్నాయి. వాటిలో ఒక మనిషి ఉన్నాడని మాత్రం గుర్తు రాలేదు.

"అల్వారో," అంది. గొంతు ఆమెకే కొత్తగా వినబడింది. "ఆ రోజు నాకంటే ముందు ఎక్కింది నువ్వు."

"ఏ రోజు?"

"అదే బురుజు. అవే మెట్లు. నీకు అప్పటికి ఇంకా మూడు పరీక్షలు ఉన్నాయి. నువ్వు పట్టా తీసుకున్నావు. డాక్టర్ గారివయ్యావు."

రోడ్డు అవతల ఇలారియా కదలకుండా నిలబడింది. తరవాత, బళ్ళు చూసుకోకుండానే, ఇటు దాటి వచ్చింది.

"నువ్వూ ఎక్కావా నాన్నా?"

"ఎక్కాను... అది వేరు."

"ఎలా వేరు?"

"అరె, సరదాకి చెప్పే కథని పట్టుకుని... మా నాన్నకి పక్షవాతం వచ్చింది. ఎవరు కావాలని చేశారు?"

"అవును," అంది నెరీనా. "పక్షవాతం వచ్చింది మీ నాన్నకి. చదువు ఆగింది నాకు."

అల్వారో అటూ ఇటూ చూశాడు. బారులో నిలబడ్డవాళ్ళు ఎవరూ వాళ్ళను పట్టించుకోవడం లేదు. అతను గొంతు తగ్గించాడు. "సరే, జరిగిందేదో జరిగింది. ఇప్పుడా గొడవెందుకు? వచ్చిన పని చూడు. పిల్లకి చెప్పు."

"చెబుతాను." ఆమె కూతురి వైపు తిరిగింది. "నీ తొట్ల దగ్గరికి వెళ్ళు ఇలారియా. వసంతం వచ్చేదాకా ఇంటి ముఖం చూడకు. నాయనమ్మ ఏడ్చినా రావద్దు. నా నడుము పేరు చెప్పి నాన్న పిలిచినా రావద్దు. నేను పిలిస్తే అసలే రావద్దు."

ఇలారియా దగ్గరికి వచ్చి తల్లి చేతిసంచీ తీసుకుని తన భుజానికి తగిలించుకుంది.

"మరి మా అమ్మని ఎవరు చూస్తారు?" అన్నాడు అల్వారో. ఆ ప్రశ్నలో మోసం లేదు. అతనికి నిజంగానే తెలియదు. "నువ్వు ఎత్తలేవు. పరాయి మనిషిని ఆవిడ రానివ్వదు. చెప్పు, ఎవరు?"

అతని జేబులో ఫోన్ మోగింది. తీసి పేరు చూసి, ఎత్తడానికి జంకి, చేతిలోనే పట్టుకుని నిలబడ్డాడు. నెరీనా దాన్ని మెల్లగా అతని వేళ్ళ మధ్య నుంచి తీసుకుంది.

"అడిగావా?" ఎల్వీరా గొంతు గరగరలాడింది. "పిల్ల వస్తోందా?"

"లేదు అత్తయ్యా. మీ అబ్బాయి వస్తున్నాడు. నేను కొన్నాళ్ళు ఇక్కడే ఉంటాను."

అవతల ఎల్వీరా అపనమ్మకంగా, కాస్త భయంగా, "వాడా? వాడొచ్చి నాకేం చేస్తాడు? వాడికేం వచ్చు?" అంది.

"మీ ఇంటికి వచ్చినప్పుడు నాకూ ఏమీ రాదు అత్తయ్యా," అంది నెరీనా. "రాళ్ళ గురించి తప్ప."