చుక్క మిగలకూడదు

నేను ఒక గాజు గ్లాసును. అడుగు బరువు, నోరు వెడల్పు. అందుకే నా కడుపులో మాట దాగదు. ఫిరోజాబాద్ కొలిమిలో పుట్టి, గడ్డిలో చుట్టించుకుని వచ్చి, జనగామలో ఒక షాపులో చాలాకాలం దుమ్ము తిన్నాను. ఇంగ్లీషు లెక్చరర్ కమలాకర్ సారు రిటైరైన రోజున శిష్యులు మా ఆరుగురు అక్కచెల్లెళ్ళను రంగు కాగితంలో చుట్టి ఆయన చేతిలో పెట్టారు. ఇదీ గురుదక్షిణ!

ఆ సాయంత్రమే దావత్. సారు చిన్ననాటి దోస్తు, లారీ మెకానిక్ కొమురెల్లి, కూల్‌డ్రింకు పట్టుకుని ఓ మూల కూర్చున్నాడు. కామెర్లు వచ్చి చావు తప్పిన మనిషి. మళ్ళీ మందు ముడితే బతకవని డాక్టరు చెప్పాడు. భార్య ఎల్లవ్వ మల్లన్న గుడి పసుపు, బండారు, చేత పట్టించి ఒట్టు వేయించుకుంది. సారుకు అన్నీ తెలుసు. అయినా రిటైరైతే మాత్రం పాఠం ఆగుతుందా?

"కెరౌజ్ అంటే ఏందో ఎరుకేనా? మందు దావత్. ఆ మాట యాడికెల్లి వచ్చింది? జర్మనోళ్ళు తాగేటప్పుడు 'గార్ ఔస్' అంటరు. అంటే మొత్తం ఖాళీ! చుక్క మిగిలితే పిలిచినోని ఇజ్జత్ పోయినట్టే."

నన్ను అంచుదాకా నింపి కొమురెల్లి ముందు పెట్టాడు.

"వద్దురా కమలాకర్, ఎల్లవ్వకు మాటిచ్చిన."

"నా దావత్‌ల నా ఇజ్జత్ తీస్తవారా?"

అందరూ "గార్ ఔస్" అంటూ బల్ల చరిచారు. చదువుకున్నవాళ్ళ గోల మరీ మోటు సుమండీ! కొమురెల్లి నన్ను ఎత్తాడు. నా అంచు అతని పళ్ళకు టకటక కొట్టుకుంది. చుక్క మిగల్లేదు. చప్పట్లు కొట్టారు. అప్పుడే నేను జారి పగిలిపోయినా బాగుండేది, ఆ పాటి అదృష్టం కూడా లేదు నాకు.

మర్నాటి నుంచే అతను కల్లు దుకాణం దారి పట్టాడు. వానాకాలం దాటకముందే రక్తం కక్కుకుని పోయాడు.

మూడో రోజు వాళ్ళ మెట్ట చెలకలో పిట్టకు పెట్టారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడితే కాకి వచ్చి ముట్టాలి. సారు ఖరీదైన సీసాతో పాటు నన్నూ తెచ్చి, మళ్ళీ అంచుదాకా నింపాడు. చచ్చినా వదలడు కాబోలు! కాకి వచ్చి మాంసం తిన్నది. నా వంక ఒకసారి చూసి ఎగిరిపోయింది.

"మందు ముట్టలే. వానికి కోరిక మిగిలింది," అంటూ సారు కళ్ళు తుడుచుకున్నాడు.

ఎల్లవ్వ వచ్చి నన్ను తీసుకుని మందంతా మట్టిలో వంపింది. నన్ను బోర్లించి ఆయన ముఖం ముందు పట్టింది.

"సూడు సారూ, చుక్క లేదు. నా ఇల్లు గూడ గిట్లనే ఉన్నది. నీ ఇజ్జత్ దక్కిందా?"

సారు తల వంచుకుని వెళ్ళిపోయాడు. నన్ను ఎవరూ ఇంటికి తీసుకుపోలేదు. ఆ చెలకలోనే, మట్టిలో నిటారుగా మిగిలి ఉన్నాను. వాన పడితే నిండుతాను. ఆ కాకే వచ్చి తాగుతుంది. దాహం తీరగానే, సగం మిగిల్చి ఎగిరిపోతుంది. పాపం, దానికెవరూ ఇంగ్లీషు నేర్పలేదు.